లారీ మోకుతో కట్టిన కొబ్బరిమొక్క

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పగానే, తరుగుతున్న వంకాయలు పళ్లెంలో వదిలేసి పెరటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. ఆకాశం మామూలుగానే ఉంది. పక్కింటి వాళ్ల డాబా మీద వడియాలు ఎండుతున్నాయి. మా ఆయన వెనక నుంచి, "అచ్చం నాన్నలా నిలబడ్డావు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. మావయ్య పోయి ఇంకా నెల తిరగలేదు.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, కొండ మీద నుంచి పిలిస్తే కింద ఊళ్లో వినబడే గొంతు. పనిచేసినంత కాలం సాలూరులో లారీల మీదే బతికాడు. ఇదంతా చెబితే ఎవరైనా ఏమనుకుంటారు, పెద్ద ధైర్యస్తుడనుకుంటారు. నేనూ పెళ్లిలో అలాగే అనుకున్నాను. కాపరానికి వచ్చిన వారానికే తెలిసిపోయింది, ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడేది ఆయనేనని.

ఆయన భయం చేతుల్లో ఉండేది. ఏ వస్తువు కనబడినా కుడిచెయ్యి దాని మీదకి పోవాల్సిందే. కుర్చీలో కూర్చునే ముందు దాని వీపు పట్టుకుని అటూ ఇటూ ఊపేవాడు. ఊగితే కూర్చునేవాడు కాదు. ఊగకపోయినా ఇంకోసారి ఊపేవాడు. గ్యాస్ సిలిండర్‌ని కిటికీ ఊచకి తాడుతో కట్టాడు. అదెక్కడికి పోతుంది మావయ్యా అని అడిగితే, "ఎక్కడికీ పోదు. పోదనే అందరం అనుకుంతాం" అన్నాడు. మొన్న ఆసుపత్రిలో చివరి రోజుల్లో కూడా సెలైన్ స్టాండుని మంచానికి తువ్వాలుతో కట్టాడు. నర్సు వచ్చి విప్పింది. ఆమె అటు తిరగ్గానే మళ్లీ కట్టాడు. ఆ పిల్ల విసుక్కుంటూ నా వైపు చూస్తే, నేనేం చెయ్యను తల్లీ, నా కాపరమంతా ఇదే అన్నాను.

నేను బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున్నే పరుగు. నా అన్నం క్యారేజీకి రెండు పక్కలా క్లిప్పులున్నాయి. ఆయన ఆ క్లిప్పుల మీద ఒక తాడు చుట్టి, దాని మీద ఒక ముడి వేసేవాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో అందరూ మజ్జిగలోకి వచ్చేసినా నేను పళ్లతో ముడి లాగుతూ కూర్చునేదాన్ని. ఎంత పెద్ద లెక్కయినా విప్పేస్తావు, ఈ ముడి విప్పలేవా అని ఒకటే ఎగతాళి. నాకు ఒళ్లు మండిపోయేది. సాయంత్రం వచ్చి పోట్లాడితే శ్రద్ధగా వినేవాడు. తలూపేవాడు. మర్నాడు ఇంకో రకం ముడి వేసి, "ఇది బేగి ఊడొస్తాది సూడమ్మా" అనేవాడు.

నేను బండి తీస్తే చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైర్లని అరచేత్తో కొట్టి చప్పుడు విని, అప్పుడు "ఎల్లు" అనేవాడు. అరసవల్లిలో మా ఇంటి నుంచి బడి ఎంత దూరమని? ఆటోల మధ్య నుంచి వెళ్లినా పావుగంట పట్టదు. బడి గేటు దాటకముందే ఫోను మోగేది.

"దిగినావేటమ్మా?"

"దిగాను మావయ్యా."

"స్టాండేసినావా?"

వెయ్యకుండా బండి నా భుజం మీద పెట్టుకుని ఫోను ఎత్తానా అని అడగాలనిపించేది. ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. దానికీ ఆయన దగ్గర జవాబు ఉండేది. "డ్రైవరు నిద్దరోతాడమ్మా. లోడు నిద్దరోదు" అనేవాడు. ఆ మాట ఆయన రోజుకి ఎన్నిసార్లు అనేవాడో లెక్కల టీచర్నయి ఉండి కూడా నేను లెక్కపెట్టలేదు.

ఇంక కొబ్బరిమొక్క సంగతి. అది అత్తయ్యది. అత్తయ్య పుట్టిల్లు ఉద్దానంలో, చుట్టూ కొబ్బరితోటలే. వాళ్ల దొడ్లో ఒక చెట్టు ఉండేదట, దాని నీళ్లు తాగినవాళ్లు ఇంకో చెట్టు కాయ ముట్టేవారు కాదట. పెద్ద తుఫాను వచ్చినప్పుడు తోటకి తోట నేలమీద పడుకుంది, దాంతోపాటు ఆ చెట్టూ పోయింది. పడిపోయిన చెట్టు కాయల్లో ఒకదాన్ని అత్తయ్య తమ్ముడు మొలకెత్తించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. అత్తయ్య దాన్ని వంటింటి కిటికీకి ఎదురుగా నాటించింది.

నాటించిన చోటే తప్పు. మా ఇల్లు ఒకప్పటి పల్లపు పొలంలో కట్టింది. ఎత్తు కోసం ఇసుక, ఇటుక ముక్కలు, ఏది దొరికితే అది పోసి పూడ్చారు. గొయ్యి లోతుగా తీద్దామంటే గునపం ఖంగుమంటుంది. సరే, ఇంత చాల్లే అని పైపైనే పెట్టేశారు. మొక్క ఏపుగా వచ్చింది, గోడ దాటి మట్టలు చాచింది గానీ కింద వేళ్లకి పట్టు దొరకలేదు.

అత్తయ్య మంచాన పడ్డాక ఆ కిటికీ దగ్గరే మంచం వేయించుకుంది. పోయే ముందు మావయ్యని పిలిచి నా ఎదురుగానే చెప్పింది. "మా అమ్మోలింటిది ఇంకేటీ మిగల్లేదు. దీన్ని సూసుకో" అంది. కొడుకుని చూసుకోమనలేదు, ఇల్లు చూసుకోమనలేదు. కొడుక్కి నేనున్నానని ధైర్యం కాబోలు. ఆ రోజు నుంచి మావయ్యకి అది మొక్క కాదు, అప్పగింత.

ఆవిడ పోయిన ఏడాదే, వానాకాలం మొదట్లో ఓ పొద్దున్న ఆయన పళ్లు తోముకుంటూ వెళ్లి మొక్క మీద చెయ్యేసి ఊపాడు. మామూలుగా ఊపే అలవాటే. ఈసారి ఊగింది. మొదలు చుట్టూ మట్టి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"అమ్మీ, ఇలా రా" అని పిలిచాడు. ఆ గొంతు విని నేను పాలు పొయ్యి మీద వదిలేసి పరిగెత్తాను. "కదుల్తన్నాది" అన్నాడు. ఇంట్లో ఎవరికో ఒళ్లు కాలిపోతోందని చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజే బస్సెక్కి సాలూరు వెళ్లాడు. సాయంత్రానికి గోనెసంచీ నిండా మోకులు తెచ్చాడు. మోకు అంటే మామూలు తాడు కాదు, లారీ మీద బస్తాలు కట్టే తాడు, బొటనవేలంత లావుంటుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అది నేను కళ్లారా చూశాను. ఒక మోకు ప్రహరీగోడ కొక్కేనికి. ఒకటి కిటికీ ఊచకి. ఒకటి జామచెట్టుకి. ఇంకొకటి బట్టలుతికే బండ చుట్టూ తిప్పి. లారీ లోడు కింద కడితే నిలబడదట, పైన కట్టాలట. అందుకని మట్టలన్నీ పైకెత్తి, దగ్గరికి చేర్చి, నెత్తి దగ్గర మోకు చుట్టి, గోడకి కాలు తన్నిపెట్టి లాగి బిగించాడు. నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశాడు. రాత్రి ఎవరైనా తగులుకుంటారని మోకులకి ఎర్రగుడ్డ పీలికలు కట్టాడు. మా పెరట్లో ఒక లారీ ఆగి ఉందా అన్నట్టు తయారైంది.

అప్పటి నుంచి నాకు పెరట్లో నడిచే దారి లేదు. గిన్నెలు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాలంటే ఒక మోకు కింద నుంచి వంగాలి, ఇంకొకటి మీద నుంచి దాటాలి. ఎర్రగుడ్డలున్నా రెండుసార్లు పడ్డాను. పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ ఆయన వచ్చి ఒక్కో మోకు మీద బరువంతా వేసి లాగి చూసేవాడు. వాన తడికి మోకు బిగుస్తుంది, ఎండకి వదులవుతుంది. వదులైనప్పుడల్లా ఇంకో చుట్టు బిగించేవాడు. మొక్క కదలడం మానేసింది. ఆయన మొహంలో మాత్రం నెమ్మది రాలేదు.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున్న బట్టలు ఆరేస్తూ తల పైకెత్తి చూశాను. కొబ్బరి తల నడిమధ్యలో కత్తిలా నిలబడి వచ్చే లేత ఆకుని మొవ్వు అంటారు. అది సగం బయటకి వచ్చి ఆగిపోయింది. విచ్చుకోవాల్సిన ఆకులు ఒకదానికొకటి అతుక్కుని, కొసలు గోధుమరంగుకి తిరిగాయి. వేపకి కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది. కొబ్బరికి ఆ ఆశ లేదు, దాని ప్రాణమంతా ఆ మొవ్వులోనే ఉంటుంది.

"మావయ్యా, మొవ్వు విచ్చుకోవట్లేదు. ఆ మోకు కాస్త వదులు చెయ్యండి."

"ఇచ్చుకుంతాది."

"గొంతు బిగించేస్తే ఎలా విచ్చుకుంటుంది?"

"గొంతు కాదమ్మా అది, నడుం."

"నడుమో గొంతో, దానికి ఊపిరాడాలి కదా."

"ఊపిరి తరవాత. ముందు నిలబడాల" అన్నాడు.

మా ఆయనకి చెప్పాను, నాన్నతో మాట్లాడమని. ఆయన పెరట్లోకి వెళ్లి, తండ్రి మొహం చూసి, వర్షం వచ్చేలా ఉంది నాన్నా అని చెప్పి వచ్చాడు. గోడకి చెప్పినా నయమే. అన్నం తింటున్నప్పుడు నాతో గొంతు తగ్గించి అన్నాడు, "తాడు వదులు చెయ్యమని నాన్నకి చెప్పడం నా వల్ల కాదు. నీకు తెలుసు కదా."

తెలుసు. అత్తయ్య ఒకసారి చెప్పింది. ఆవిడ తమ్ముడు కుర్రతనంలో మావయ్య లారీ మీదే పనిచేసేవాడు. ఒడిశా వైపు నుంచి చింతపండు బస్తాలతో ఘాట్ రోడ్డు దిగుతున్నారు. ఊళ్లో అమ్మవారి సంబరం, వేళకి ఇంటికి చేరాలని తొందర. బావమరిది లోడు మీద కూర్చున్నాడు. ఒక మలుపులో లోడు పక్కకి జారింది. మనిషి బతికాడు గానీ ఎడమకాలు మళ్లీ మడవడానికి రాలేదు. ఆ తరవాత మావయ్య స్టీరింగు ముట్టలేదు. సాలూరులోనే ఒక ట్రాన్స్‌పోర్టు షెడ్డులో లోడు కట్టించే పనికి కుదిరాడు. ఆయన కట్టించిన లోడు ఏదీ జారలేదని షెడ్డులో పేరు. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరితోనూ ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. మేమూ ఎత్తేవాళ్లం కాదు.

అలా నేను ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ కాలూ చెయ్యీ ఆడేది కాదు. బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఇంటికి రాగానే ముందు తల ఎత్తి మొవ్వు చూడటం, గోధుమరంగు ఎంత దిగిందో చూసుకోవడం. అత్తయ్య చూసుకోమన్నది ఆయన్నే అయినా, విన్నది నేను కూడా కదా. ఇంతలో టీవీలో తుఫాను అన్నారు. కళింగపట్నం వైపు తీరం దాటవచ్చు అన్నారు. మావయ్య గోనెసంచీలో మిగిలిన ఆఖరి మోకు కూడా తీశాడు.

అప్పుడు నాకు కోపం ఆగలేదు. ఆయన ఎదురుగానే నిలబడి అత్తయ్య తమ్ముడికి ఫోను చేశాను. నాకు వరసకి బాబయ్య. "బాబయ్యా, మీ చెట్టు చచ్చిపోతోంది, వచ్చి చూడు" అన్నాను. మావయ్య నన్ను ఆపలేదు. మోకు చేత్తో పట్టుకుని బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నానికి బాబయ్య వచ్చాడు. సన్నటి మనిషి, ఎడమకాలు పక్కనుంచి తిప్పి ముందుకి వేస్తూ నడుస్తాడు. మోకుల కింద నుంచి వంగలేక, వాటిని పట్టుకుని ఒక్కొక్కటే దాటుకుంటూ మొక్క దగ్గరికి వెళ్లాడు. స్టూలు వేయించుకుని, మా ఆయన భుజం ఆసరాతో ఎక్కి, మట్టల మధ్యలోకి ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఇంకా వాసన పట్టలేదు" అన్నాడు దిగి. "నేడో రేపో పడతాది."

"పడితే?" అన్నాను.

"కుళ్లు మొవ్వులోకి దిగితే ఇంక సేసేదేటీ లేదమ్మా. నిలబడే సచ్చిపోతాది." అప్పుడు మావయ్య వైపు తిరిగాడు. "బావా, ఇప్పీ."

"గాలి మీదకొస్తంటే ఇప్పమంతావేటిరా?"

"ఇప్పాల."

"ఇప్పితే పడిపోతాది."

"పడితే మల్లీ లేపుదుం. సస్తే ఏటి సేస్తాం?"

మావయ్య గొంతు లేచింది. "నువ్వా నాకు సెప్తన్నావు, తాడు ఒదులు సెయ్యమని? నువ్వా?"

మా ఆయన తల దించుకున్నాడు. ఆ ఘాట్ రోడ్డు మాటకి అంత దగ్గరగా మావయ్య రావడం మేమెప్పుడూ చూడలేదు. బాబయ్య మాత్రం తొణకలేదు.

"నానే సెప్పాల బావా. ఇంకెవులు సెప్పినా నువ్వినవు" అన్నాడు.

మావయ్య లేచాడు. తడికి బిగిసిపోయిన ముడులు ఊడిరాక వేళ్లు జారుతున్నాయి. నేను కొడవలి తెచ్చాను. "కొయ్యకు" అన్నాడు. ఒక్కో ముడి తనే విప్పాడు. ముందు నెత్తి దగ్గరది విప్పాడు. మట్టలు ఒక్కసారిగా నాలుగు వైపులా వాలాయి. మొక్క అప్పుడే పక్కకి ఒరిగింది, బాబయ్య దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. మా ఆయనా నేనూ మొదలు చుట్టూ ఇసుకా ఇటుక ముక్కలూ తవ్వి పడేశాం. వీధి చివర చెరువు గట్టు దగ్గర నుంచి బంకమట్టి తట్టలతో మోసుకొచ్చాం. మొదలు చుట్టూ ఎత్తుగా పోసి, కాళ్లతో తొక్కి, మళ్లీ పోసి తొక్కాం. వెదురు బొంగులు వాలుగా పాతి, పాత లుంగీ చింపి, ఆ గుడ్డతో మొక్కని బొంగులకి కట్టాడు బాబయ్య. గుడ్డకీ మానుకీ మధ్య పిడికిలి దూర్చి చూపించాడు.

"ఇంత సందుండాల బావా. గాలికి ఊగాల. ఊగితేనే మట్టిలోకి ఏరు దిగుతాది."

మావయ్య తన పిడికిలి దూర్చి చూశాడు. ఆయన పిడికిలి పెద్దది, అయినా దూరింది. "ఇంత ఒదులా" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలిపాడు గానీ తినలేదు.

గాలి మర్నాడు పొద్దున్న మొదలైంది. మధ్యాహ్నానికి కరెంటు పోయింది, వీధిలో రేకులు కొట్టుకుంటున్న చప్పుడు. బాబయ్యని వెళ్లనివ్వలేదు మేం. నలుగురం వంటింట్లోనే ఉన్నాం, కిటికీ తలుపు ఒకటి మూసి ఒకటి ఓరగా పెట్టి. మొక్క మట్టలన్నీ ఒక వైపుకి దువ్వినట్టు పోతున్నాయి. మాను వంగుతోంది, లేస్తోంది, మళ్లీ వంగుతోంది. వంగినప్పుడల్లా మావయ్య నోట్లోంచి ఒక మూలుగు. వదులు చెయ్యమని పట్టుబట్టింది నేనే కదా, ఇది పడిపోతే ఈయన మొహం నేనెలా చూడాలి అనుకున్నాను.

ఒక పెద్ద గాలికి బొంగు ఒకటి పెళ్లున విరిగింది. మావయ్య లేచి మూలనున్న మోకు అందుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోమ్మా."

"తప్పుకోను."

"పడిపోతన్నాది, సూడు."

"చూస్తున్నాను. పడనివ్వండి. మీరు బయటకి వెళ్లడానికి మాత్రం వీల్లేదు" అన్నాను. మావయ్యతో జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాట అంటుండగానే ఎవరి షెడ్డుదో సిమెంటు రేకు ఎగిరొచ్చి బట్టలుతికే బండ మీద పడి ముక్కలైంది.

"బావా, ఇలా వచ్చి కూకో" అన్నాడు బాబయ్య. గోడకి ఆనుకుని, కాలు చాచుకుని నేల మీద కూర్చున్నాడు. మావయ్య మోకు కింద పడేసి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. పట్టుకోవడానికి ఏమీ లేక, చాచి ఉన్న ఆ ఎడమకాలి మోకాలి మీద చెయ్యి వేశాడు. గాలి వచ్చినప్పుడల్లా ఆ మోకాలిని గట్టిగా పట్టుకునేవాడు. బాబయ్య మొహం చిట్లించుకునేవాడు, కాలు మాత్రం లాక్కోలేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. కిటికీలోంచి చూస్తే సన్నటి వాన తప్ప ఏమీ కనబడటం లేదు. మావయ్య లేవలేకపోయాడు.

"నువ్వెల్లి సూడరా. నాకు కాళ్లాడ్డం లేదు" అన్నాడు.

బాబయ్య బురదలో కాలు తిప్పుకుంటూ వెళ్లాడు. నేను గుమ్మంలో ఉన్నాను. రెండు మట్టలు విరిగి వేలాడుతున్నాయి. మాను గోడ వైపు కాస్త ఒరిగింది. బాబయ్య దాని మొదలు చుట్టూ కాలితో మట్టి నొక్కి, తల ఎత్తి పైకి చూసి, అక్కడి నుంచే కేకేశాడు.

"నిలబడ్డాది బావా. మొవ్వు ఇచ్చుకుంతన్నాది."

మావయ్య ఏడ్చాడు. అత్తయ్య పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. బాబయ్య లోపలికి వచ్చి, గోడ పట్టుకుని మళ్లీ పక్కన కూర్చునే దాకా ఏడుస్తూనే ఉన్నాడు. తరవాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఆ రోజు ఇంకో కట్టు ఎయ్యాల్సిందిరా. ఒదులుగున్నాదని నాకు తెలుసు. సంబరానికి ఆలీసమైపోతాదని, సాల్లే అనుకున్నాను."

బాబయ్య పాదం మీద బురద గోటితో గీకాడు.

"నాకూ తెలుసు బావా" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"మోకు ఒదులుగున్నాదని. బస్తాల మీదకి ఎక్కినప్పుడే సేత్తో పట్టుకుని సూసినాను. దిగి సెప్తే మల్లీ ఇప్పి కట్టాల, పొద్దోతాది. సంబరం పోతాదని నోరు మూసుకుని కూకున్నాను."

మావయ్య తల తిప్పి ఆయన వైపు చూశాడు. "మరి ఇన్నేళ్లూ సెప్పలేదేటిరా?"

"ఎప్పుడు సెప్పను? నానొచ్చినప్పుడల్లా నువ్వు సంచీ పట్టుకుని బజారుకి ఎల్లిపోతావు."

నిజమే. నా కాపరం మొత్తంలో వాళ్లిద్దరూ ఒక చోట అంతసేపు కూర్చోవడం నేను చూసింది ఆ రోజే. మావయ్య చెయ్యెత్తి బాబయ్య భుజం మీద ఒక్కటి కొట్టాడు. గట్టిగానే కొట్టాడు, చప్పుడు మాకు వినబడింది.

"ఇన్నేళ్లూ ఒక్కడ్నే మోసినాను గదరా" అన్నాడు.

కొట్టిన చెయ్యి ఆ భుజం మీదే ఉండిపోయింది.